రెండో తలుపు

ఏప్రిల్ 6

ఒరేయ్ బుడంకాయ్,

మొన్న ఫోన్లో ఇద్దరం ఒకేసారి అరుచుకున్నాం. ఫోను పెట్టేశాక మీ బావ "ఇంతకీ వాడేమన్నాడు?" అనడిగితే నాకు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఉత్తరమైతే నేను చెప్పేది అయ్యేదాకా నువ్వు నోరు తెరవలేవు.

ఐదు ఊళ్ళ లైటు రైళ్ళని పక్కపక్కన పెట్టి ఏది బాగా నడుస్తోందో, ఏది దండగో తేల్చే రిపోర్టు నీ చేతికొచ్చిందని చెప్పావు చూడు, ఆ ఒక్కటి మాత్రం వినపడింది. డిపోలో ఎవరికీ చెప్పలేదు. చెప్తే తలా ఒక అర్జీ పట్టుకుని మా ఇంటి ముందు వరస కడతారు. కానీ నాకు మాత్రం సంతోషంగా ఉంది. మా మూడో లైను సంగతి నీకు తెలుసుగా. బజారు దగ్గర మొదలై, చెప్పుల ఫ్యాక్టరీ మీదుగా పెద్దాసుపత్రి దాకా పద్నాలుగు స్టాపులు. పంతొమ్మిదేళ్ళుగా నేను నడుపుతున్న లైను. టైముకు బయలుదేరడంలో మా డిపోదే మొదటి స్థానం, వరసగా ఆరేళ్ళు. ఆ షీల్డు మా విశ్రాంతి గదిలో టీ గ్లాసుల పక్కనే ఉంటుంది.

మా బండ్లు మాత్రం ముసలివైపోయాయిరా. తలుపుల రబ్బరు ఊడి వేలాడుతోంది. ఎండాకాలం నా క్యాబిన్లో కూర్చుంటే ఒళ్ళు ఉడికిపోతుంది. రిపోర్టులో బాగా మార్కులొచ్చిన లైనుకు కొత్త బండ్లిస్తారని అన్నావు కదా, మాకొస్తాయి కదూ? నాకోసం ఏమీ కలిపి రాయొద్దు. ఉన్నది రాస్తే చాలు.

మరదల్ని అడిగానని చెప్పు. వంటింటి పైకప్పు కారడం ఆగిందా? ఆ మేస్త్రీని నమ్ముకుంటే మీరు గొడుగేసుకుని వంట చేసుకోవాల్సిందే.

జవాబు వెంటనే రాయి. నీ బద్ధకం నాకు తెలుసు.

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

పైకప్పు ఇంకా కారుతోంది. మేస్త్రీ రేపు వస్తానని చెప్పి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. మీ మరదలు ఆయన పేరు వింటేనే అట్లకాడ తీస్తోంది.

ఇక అసలు విషయం. ఎలా చెప్పాలో తెలీక నాలుగు రోజులు ఈ కాగితం ముందు కూర్చున్నాను. రిపోర్టులో మొత్తం పదకొండు లైన్లున్నాయి. ఒక్కో లైనుకు నాలుగు విషయాలు చూస్తాం. టైముకు బయలుదేరుతోందా, స్టాపుకూ స్టాపుకూ మధ్య ఎంత వేగంగా వెళ్తోంది, ఒక్కో ట్రిప్పుకు ఎంతమంది ఎక్కుతున్నారు, వాడే కరెంటుకు తగ్గ పని జరుగుతోందా. మొదటిదాంట్లో మీ మూడో లైనే నంబర్ వన్. పదకొండింట్లోకీ మొదటిది. అది చూసి నా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, నిజం.

మిగతా మూడింట్లో ఆఖరు. ట్రిప్పుకు సగటున ముప్పై ఒక్కమంది. మీ కంటే పైనున్న లైను డెబ్బై దగ్గర ఉంది. ఎక్కేవాళ్ళు తక్కువైతే కరెంటు దండగ కిందే లెక్క. వేగం కూడా అంతే, మీ డ్రైవర్లు ఎందుకో మరీ నెమ్మదిగా నడుపుతున్నారు. అన్నీ కూడితే పదకొండో స్థానం.

కొత్త బండ్ల మాట పక్కన పెట్టు. ఆఖరున వచ్చిన లైనులో పట్టాలు పీకేసి బస్సులు వేస్తారట. పోయిన వారమే నిర్ణయించారు. జూన్ పదిహేనుకు రిపోర్టు పైకి వెళ్తుంది. నువ్వు బస్సు నడపడం నేర్చుకోవచ్చు కదా? రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిదేళ్ళుంది. ఖాళీ బండి నడపడం నీకు మాత్రం విసుగనిపించడం లేదా?

కోప్పడకు.

తమ్ముడు


ఏప్రిల్ 24

తమ్ముడూ,

కోప్పడకు అని రాసి చేతులు దులుపుకున్నావు. ఒళ్ళు మండిపోతోంది. మొదట నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. మీ బావ లాక్కున్నాడు.

ఖాళీ బండా? ఒక్కసారి మధ్యాహ్నం ఒంటిగంటకు పెద్దాసుపత్రి స్టాపులో నిలబడి చూడరా. ఓపీ అయిపోయి అందరూ ఒకేసారి బయటికొస్తారు. చంకల్లో కర్రలున్నవాళ్ళు, చక్రాల కుర్చీలవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, ఎక్స్‌రే కవర్లు పట్టుకుని ఏ బండి ఎక్కాలో తెలీక దిక్కులు చూసేవాళ్ళు. ఒక ముసలాయన మెట్టు మీద కాలు పెట్టడానికే పది సెకన్లు పడుతుంది. మా స్టాపు టైము ఇరవై సెకన్లు. ఆసుపత్రి దగ్గరా ఇరవయ్యే, ఎవరూ ఎక్కని గోడౌన్ల దగ్గరా ఇరవయ్యే. ఏ మహానుభావుడు పెట్టాడో ఆ లెక్క, వాడొక్కసారి కట్టు కట్టిన కాలితో మా బండి ఎక్కి చూడాలి.

సాయంత్రం ఐదింటికి చెప్పుల ఫ్యాక్టరీ వదిలితే ఇసకేస్తే రాలదు. నా క్యాబిన్ తలుపుకు ఆనుకుని నిలబడతారు. ముప్పై ఒకటట, నా మొహం!

నీ మాట మీద నాకు నమ్మకం పోయి మూడు రోజులు నేనే లెక్కపెట్టించాను. మీ మేనకోడలు కాలేజీ నుంచి మా బండిలోనే వస్తుంది కదా, దాన్ని నోటు పుస్తకంతో కూర్చోబెట్టాను. ఒక్క ట్రిప్పుకే సోమవారం తొంభై నాలుగు. మంగళవారం నూట రెండు. బుధవారం ఎనభై ఎనిమిది. కాగితం జత చేశాను, చూసుకో.

ఇంకో మాట. మా డ్రైవర్లు నెమ్మదా? ఎవడన్నాడ్రా? గంటకు నలభై వెళ్ళాల్సిన చోట నలభై రెండు కొట్టి మరీ టైము పూడుస్తాం. కుర్చీలో కూర్చుని కంప్యూటరు చూసేవాడికి ఏం తెలుస్తుంది.

బస్సు నడపడం నేర్చుకోవాలా? చక్రాల కుర్చీ ఎక్కే బస్సు మీ ఊళ్ళో ఒక్కటి చూపించు. చూపిస్తే రేపే నేర్చుకుంటాను.

అక్క


మే 5

అక్కా,

నోటు పుస్తకం అందింది. మా మేనకోడలి చేతిరాత ముత్యాల్లా ఉంది. కానీ దాన్ని నేనేం చేసుకోను? డ్రైవరు కూతురు లెక్కపెట్టిందని రిపోర్టులో రాయగలనా? తలుపు పైన సెన్సరు ఉంది. తొమ్మిదేళ్ళ నుంచీ పదకొండు లైన్లలోనూ అదే సెన్సరు, అదే కంపెనీ. మిగతా పదింట్లో సరిగ్గా పనిచేసి మీ దాంట్లోనే తప్పు చెబుతుందా? టికెట్లు చూద్దామంటే మీ లైన్లో ఎక్కువమంది నెల పాసులవాళ్ళే.

అయినా నీ మాట కొట్టిపారెయ్యలేదు. మా ఆఫీసు పెద్దాయన్ని బతిమాలి ఒక ఇన్‌స్పెక్టరుని మీ ఊరు పంపిస్తున్నాను. ఆయన రోజంతా మీ బండ్లలో తిరిగి చూస్తాడు. ఈ విషయం ఎవరికీ చెప్పకు, ఆయన మామూలు ప్రయాణికుడిలా ఎక్కుతాడు. నీ తొంభై నాలుగు ఆయన కంటికి కనిపిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. ఇది నీకోసమే చేస్తున్నాను, గుర్తుంచుకో.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. మీ బండి ఆసుపత్రి స్టాపు నుంచి సరిగ్గా టైముకు బయలుదేరుతోంది. తర్వాతి స్టాపుకు మాత్రం నలభై, యాభై సెకన్లు ఆలస్యంగా చేరుతోంది. ప్రతి ట్రిప్పూ అంతే. మధ్యలో సిగ్నలేమైనా ఉందా? పట్టా పాడైందా? అక్కడే మీ వేగం మార్కులన్నీ పోతున్నాయి. కాస్త కనుక్కుని రాయి.

తమ్ముడు


మే 9

తమ్ముడూ,

నీకు పుణ్యముంటుంది, ఇకమీదట నాకే మేలూ చెయ్యకు.

మొన్న గురువారం పొద్దున ఎనిమిదింటికి మా సూపర్‌వైజరు, మేం స్టాప్‌వాచ్ అని పిలిచే మనిషి, డిపో గేటు దగ్గర అందర్నీ నిలబెట్టి, "ఇవాళ పైనుంచి ఒకాయన వస్తున్నాడు, ఎక్కడా ఇరవై సెకన్లు దాటితే ఊరుకోను" అన్నాడు. ఎవరు పంపారో మాకు తెలీదు. రహస్యమట! ఆ వచ్చినాయన కొత్త బూట్లు, మెళ్ళో కార్డు, చేతిలో అట్ట. పిల్లలు కూడా గుర్తుపట్టారు.

చెప్పినట్టే చేశాం. ఇరవై సెకన్లు కాగానే తలుపు మూశాను. ఆసుపత్రి స్టాపులో అరవై మంది కిందే ఉండిపోయారురా. ఒకావిడ చక్రాల కుర్చీలో ఉన్న మొగుణ్ణి అప్పుడే తలుపు దాకా తోసుకొచ్చింది, ఆమె మొహం మీదే మూశాను. అద్దం మీద కొడుతూ ఉంది. నేను ముందుకు చూస్తూ బండి లాగాను. ఆయన హాయిగా కిటికీ పక్కన కూర్చుని, ఖాళీ సీట్లు లెక్కపెట్టుకుని వెళ్ళాడు.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఎవడు పంపాడో ఆ పెద్దమనిషిని అని తిట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. పంపింది నువ్వు! ముందు నాకొక్క మాట రాసి ఉంటే తారీఖు చెప్పేదాన్ని, ఏ రోజు ఎలా ఉంటుందో చెప్పేదాన్ని. ఉత్తరాలు నడిచొస్తున్నాయి, నీ ఇన్‌స్పెక్టర్లు మాత్రం ఎగిరొస్తున్నారు.

నలభై సెకన్ల సంగతి నాకు తెలీదు. సిగ్నలు లేదు. పట్టా బాగానే ఉంది.

అక్క


మే 19

అక్కా,

ఇన్‌స్పెక్టరు రిపోర్టు వచ్చింది. సగటు ఇరవై తొమ్మిది. సెన్సరు కంటే రెండు తక్కువ. పెద్దాయన నన్ను పిలిచి, "ఏమయ్యా, నీ అనుమానం తీరిందా?" అన్నాడు. తల దించుకుని వచ్చాను.

నువ్వు నా మీద అరిచావు, పడ్డాను. కానీ నాకూ కోపం ఉంది. మామూలు రోజుల్లో ఎక్కే అరవై మంది ఆ రోజే ఎందుకు ఎక్కలేకపోయారు? ఆ ఇరవై సెకన్లు రోజూ ఉన్నవే కదా. రోజూ టైముకు బయలుదేరుతున్నారు కాబట్టే కదా మీకు షీల్డులొచ్చాయి. ఈ రెండూ ఒకేసారి నిజం కావు. ఆ నలభై సెకన్ల గురించి అడిగితే నువ్వు ఒక్క లైనులో దాటేశావు. చిన్నప్పుడు నువ్వు ఏదైనా దాచినప్పుడు ఇలాగే పొట్టిగా మాట్లాడేదానివి.

సెన్సరు తప్పు కాదని మళ్ళీ చెబుతున్నాను. అది ఎలా పనిచేస్తుందో కంపెనీ వాళ్ళనడిగి తెలుసుకున్నాను. స్టాపులో తలుపు తెరిచినప్పుడు కళ్ళు తెరుస్తుంది, ఎక్కేవాళ్ళని లెక్కపెడుతుంది. తలుపు మొదటిసారి మూసుకోగానే బండి బయలుదేరినట్టు రాసుకుని కళ్ళు మూసుకుంటుంది. ఆ తర్వాత బట్టో సంచీయో ఇరుక్కుని తలుపు మళ్ళీ తెరుచుకున్నా పట్టించుకోదు, బండి ఇంకో స్టాపు చేరేదాకా అంతే. లేకపోతే తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ కదిలేవాళ్ళని కూడా లెక్కపెట్టేస్తుందట. అంత జాగ్రత్తగా చేశారు. ఇంకా దాన్ని అనుమానించమంటావా?

రిపోర్టు పైకి వెళ్ళడానికి ఇంకా నాలుగు వారాలు కూడా లేవు. చెప్పేది ఉంటే ఇప్పుడు చెప్పు.

తమ్ముడు


మే 23

ఒరేయ్,

నీ ఉత్తరం విశ్రాంతి గదిలో చదివాను. సెన్సరు పేరా దగ్గర ఆగిపోయి మళ్ళీ చదివాను. మూడోసారి చదివి కాగితం బల్ల మీద పడేశాను. పక్కనున్న డ్రైవరు "ఏమైందక్కా, ఇంటి దగ్గర అందరూ బాగున్నారా?" అన్నాడు. అందరూ బాగున్నారనే చెప్పాను.

చెబుతాను, విను. మధ్యలో అడ్డురాకు.

ఇరవై సెకన్ల రూలు తొమ్మిదేళ్ళ కిందట వచ్చింది, ఆ సెన్సరు పెట్టెలు బిగించినప్పుడే. ఆలస్యంగా బయలుదేరితే ఎర్రమార్కు. నెలకు మూడు ఎర్రమార్కులు పడితే డ్రైవరు సీటు దిగాలి. మొదటి నెలలోనే ఇద్దరు దిగారు. స్టాపులో జనాన్ని వదిలేసి వెళ్ళలేం, ఆగితే సీటు పోతుంది. అప్పుడు నేనొకటి కనిపెట్టాను. ఇరవై సెకన్లు కాగానే తలుపు మూస్తాను. పెట్టె "బయలుదేరింది" అని పచ్చదీపం చూపిస్తుంది. వెంటనే మళ్ళీ తెరుస్తాను. మిగతావాళ్ళందరూ నిదానంగా ఎక్కుతారు. దాన్నే మా డిపోలో రెండో తలుపు అంటాం. ఆసుపత్రి దగ్గరా, ఫ్యాక్టరీ దగ్గరా రోజూ ఇదే. రోజూ ఎక్కేవాళ్ళకు ఇది ఎంత అలవాటంటే, కాలు బాగున్నవాళ్ళు కూడా "ముందు మీరు తోసుకోకండి, రెండో తలుపుకి ఎక్కుదాం" అని పక్కకు నిలబడతారు. ఎక్కే జనంలో మూడొంతుల్లో రెండొంతులు రెండో తలుపువాళ్ళేరా.

నీ నలభై సెకన్లు అవే. పట్టా కాదు, సిగ్నలు కాదు.

కొత్తగా వచ్చిన ప్రతి డ్రైవరుకూ ఇది నేనే నేర్పాను. పదిహేడుమందికి. టైము ఒక్కటే మోసం చేస్తున్నామనుకున్నాం. అదే పెట్టె జనాన్ని కూడా లెక్కపెడుతుందని తెలుసు గానీ, పచ్చదీపం వెలగ్గానే కళ్ళు మూసుకుంటుందని ఎవడికి తెలుసు? మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. తొమ్మిదేళ్ళుగా బండి నిండా జనాన్ని ఎక్కించుకుని, ఖాళీ బండి అని మేమే రాయించుకున్నాం. మా లైనుకు మేమే గొయ్యి తవ్వుకున్నాం.

నీకు అబద్ధం చెప్పినందుకు తిట్టు, పడతాను. కానీ ఇప్పుడు నీకు తెలిసింది కదా, రిపోర్టులో రాయి. పట్టాలు పీకనివ్వకు.

అక్క


మే 30

అక్కా,

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. నెల రోజులుగా ఆ నలభై సెకన్ల చుట్టూ గానుగెద్దులా తిరిగాను. రెండు రాత్రులు పట్టాల వంపుల లెక్కలు వేశాను! మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. అప్పుడు టైముంది. ఇప్పుడు రెండు వారాలు.

రాయమంటున్నావు. ఎలా రాయను? "ఎలా తెలిసింది?" అని మొదటి ప్రశ్న వేస్తారు. ఈ పని ఒప్పుకున్నప్పుడు ఒక ఫారం మీద సంతకం పెట్టాను, ఈ పదకొండు లైన్లలో నా బంధువులెవరూ పనిచేయడం లేదని. ఆ రోజు హడావుడిలో, ఇదేం పెద్ద విషయంలే అనుకుని, లేరు అని టిక్కు పెట్టేశాను. ఇప్పుడు ఆఖరి లైనుని పైకి తెచ్చే సాక్ష్యం నా సొంత అక్క ఉత్తరమని తెలిస్తే, నా ఉద్యోగం సరే, రిపోర్టు మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. మీ లైనుకు ఇంకా చేటు.

నువ్వే నేరుగా ఆఫీసుకు రాయి. నీ పేరు మీద రాయి, నా ప్రస్తావన ఎక్కడా తేకు. మనిద్దరికీ సంబంధం ఉందని ఎవరికీ తెలియకపోవడమే మంచిది.

తమ్ముడు


జూన్ 3

సంబంధం లేదని టిక్కు పెట్టావా?

బాగుందయ్యా. ఇన్నాళ్ళూ నీ ఆఫీసులో ఎవరైనా అడిగితే మీ అక్క ఏం చేస్తుందని చెప్పావు? బండి నడుపుతుందని చెప్పడానికి నామోషీ అయిందేమోలే. నీ కాలేజీ చదువయ్యేదాకా ఆ బండే కదరా నడిపాను. సర్లే, ఇప్పుడవన్నీ ఎందుకు.

ఆఫీసుకు రాయను. రాస్తే ఉత్తరం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్ళేసరికి పట్టాలు లేచిపోతాయి. మీవాళ్ళు మనిషి మాట నమ్మరు, పెట్టె మాట నమ్ముతారు. పెట్టెతోనే చెప్పిస్తాను.

నిన్న విశ్రాంతి గదిలో పదిహేడుమందినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. సోమవారం నుంచి ఆదివారం దాకా రెండో తలుపు లేదు. ఒక్కటే తలుపు. చివరి మనిషి ఎక్కేదాకా మూసేది లేదు. నిమిషమైనా సరే, రెండు నిమిషాలైనా సరే. ఎర్రమార్కులు పడితే పడనీ. మొదట అందరూ నీళ్ళు నమిలారు. పోయిన నెల చేరిన కుర్రది, మూడు మార్కులకి నా సీటు పోతుందక్కా, ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే అని ఏడ్చింది. "ఎవరడిగినా నేను చెప్పమన్నానని చెప్పు" అన్నాను. ఒప్పుకున్నారు.

నువ్వేమీ చెయ్యనక్కర్లేదు. అంకెలొస్తే చూసుకో.

డ్రైవరు, మూడో లైను


జూన్ 14

అక్కా,

నువ్వు "డ్రైవరు, మూడో లైను" అని సంతకం పెట్టిన ఉత్తరం చదివి మీ మరదలు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నామోషీ అనుకున్నావా? నీకెలా చెప్పను. బండి ముందు క్యాబిన్లో నువ్వు కూర్చుంటే, మా క్లాసు పిల్లలందర్నీ పట్టాల దాకా లాక్కెళ్ళి చూపించేవాణ్ణి నేను. ఆ టిక్కు నిర్లక్ష్యంతో పెట్టాను, ఆ తర్వాత భయంతో దాచాను. అంతకంటే ఏమీ లేదు. సిగ్గుపడాల్సింది నా గురించే.

మీ వారం అంకెలు వచ్చాయి. బుధవారం నుంచే ఆఫీసులో గగ్గోలు. ట్రిప్పుకు సగటున ఎనభై తొమ్మిది మంది! వేగం కూడా సరైంది, స్టాపుకూ స్టాపుకూ మధ్య మీవాళ్ళంత చురుగ్గా నడిపేవాళ్ళు మిగతా పదింట్లో ఒక్క లైనులోనే ఉన్నారు. టైముకు బయలుదేరడం మాత్రం ఒకటో స్థానం నుంచి పదకొండుకు పడింది. పెట్టె చెడిపోయిందని ఒకాయన, జనాన్ని తోలుకొచ్చి ఎక్కించారని ఇంకొకాయన. వారం అంకెలు తీసేసి పాతవే పంపుదామని తేల్చేశారు.

అప్పుడు నేను లేచి నిలబడి రెండో తలుపు సంగతి చెప్పాను. అనుకున్నట్టే, ఎలా తెలిసిందన్నారు. ఆ ఫారం మళ్ళీ తెప్పించుకుని టిక్కు కొట్టేసి, సంబంధం అని ఉన్నచోట "అక్క" అని, ఉద్యోగం అని ఉన్నచోట "డ్రైవరు" అని రాసి పెద్దాయన చేతికిచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "నువ్వు ఇంటికి వెళ్ళు" అన్నాడు.

రిపోర్టు నా చేతిలోంచి తీసేశారు. నన్ను బస్సు షెల్టర్ల రంగుల విభాగంలో వేశారు. కానీ నా బదులు రిపోర్టు తీసుకున్నామె పట్టుదల మనిషి. మీ లైనుకు నాలుగు వారాల తాజా లెక్క వచ్చేదాకా ఏదీ పైకి పంపనని కూర్చుంది. డిపోలో విచారణ కూడా జరుగుతుందట. నువ్వు మొత్తం నీ నెత్తిన వేసుకోకు అక్కా. ఆ రూలు పెట్టినవాళ్ళది తప్పు కాదా? అదే చెప్పు. పదిహేడుమంది చేశారని చెప్పు.

ఏమైందో రాయి. ఒక్క ముక్కైనా రాయి.

తమ్ముడు


జూలై 21

ఒరేయ్ బుడంకాయ్,

షెల్టర్లకి ఏ రంగు వేస్తున్నారు? ఆ బూడిదలాంటి గచ్చకాయ రంగు మాత్రం వెయ్యకండి, ఇప్పటికే చూడలేకపోతున్నాం.

మూడో లైను ఉంటుందట. ఎనిమిదో స్థానం. కొత్త బండ్లు రావు గానీ పట్టాలు ఉంటాయి. ఆసుపత్రి స్టాపుకీ, ఫ్యాక్టరీ స్టాపుకీ ఇరవై సెకన్లు తీసి డెబ్బై ఐదు చేశారు. కాగితం డిపో బోర్డు మీద అంటించారు. తొమ్మిదేళ్ళుగా నెత్తీనోరూ కొట్టుకుని అడిగాం, అప్పుడెవడూ వినలేదు. పెట్టె చెబితే వారంలో ఇచ్చేశారు. ఆ కాగితం ముందు నిలబడి నాకు సంతోషం రాలేదురా, కోపమొచ్చింది.

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. రెండో తలుపు ఎవరు మొదలుపెట్టారన్నారు. నువ్వు చెప్పమన్నవన్నీ నోటి దాకా వచ్చాయి. బయట బెంచీ మీద ఆ కుర్రది కూర్చుని ఉంది. నేనే అన్నాను. అందరికీ నేర్పింది కూడా నేనే అన్నాను. మిగతావాళ్ళని మందలించి వదిలేశారు. నన్ను సీటు నుంచి దించేశారు. రిటైరయ్యేదాకా ఈ ఎనిమిదేళ్ళూ ఇక మర్చిపోయిన సామాన్ల గదిలోనే. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు. పంతొమ్మిదేళ్ళు నడిపినదాన్ని, చీటీలు అతికిస్తున్నాను. మొదటి వారం మీ బావతో కూడా సరిగ్గా మాట్లాడలేదు.

నీ మీద కోపం లేదు. ఫారంలో రాసిన సంగతి చదివి మీ బావకు రెండుసార్లు వినిపించాను. నామోషీ మాట అన్నందుకు ఏమీ అనుకోకు.

నిన్న ఒంటిగంటకు ఆసుపత్రి దగ్గర పనుండి వెళ్ళి, తిరుగు బండికోసం స్టాపులో నిలబడ్డాను. నా బండే వచ్చింది. ఆ కుర్రదే నడుపుతోంది. తలుపు తెరుచుకుంది, ఎవరూ తోసుకోలేదు, నిదానంగా అందరం ఎక్కాం. అప్పుడు మూసుకుంది. లోపల ఒక పెద్దావిడ, మోకాలికి కట్టు, నన్ను గుర్తుపట్టింది.

"ముందు కూర్చునేదానివి కదమ్మా, ఇక్కడున్నావేం?" అంది.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పాలనిపించింది. తలుపూ, పెట్టె, పచ్చదీపం, అన్నీ చెప్పాను. ఆవిడ అంతా వింది.

"అయితే నేను ఐదేళ్ళుగా వారానికి మూడుసార్లు ఎక్కుతున్నాను, మొన్నటిదాకా ఒక్కసారి కూడా లెక్కలోకి రాలేదన్నమాట."

"రాలేదండీ. నావల్లే."

వాళ్ళని ఎక్కించుకుంటున్నానని ఇన్నేళ్ళూ లోలోపల ఎంత గర్వపడ్డానో నీకు తెలీదు. ఆ గర్వమంతా ఆవిడ ముందు కారిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆవిడ కట్టుకాలిని రెండు చేతులతో పట్టుకుని పక్కకు జరిగి, "నిలబడ్డావేం, కూర్చో" అంది.

కూర్చున్నాను.

అక్క